బండి మాట్లాడుకునేటప్పుడు

మాఘమాసం వచ్చిందంటే యానాంలో ఏదో ఒక ఇంటి ముందు తెల్లవారకుండానే అద్దె కారు ఆగి ఉంటుంది. కొత్త దంపతుల చేత అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేయించాలి. కాకినాడ మీదుగా సుమారు 80 కిలోమీటర్లు, రానూపోనూ 160. కిలోమీటరుకు రెండు రూపాయలు తగ్గించామని సంబరపడతాం. "రోజుకు కనీసం 300 కిలోమీటర్లు" అనే షరతు ఉందేమో మాత్రం అడగం. ఉంటే, తిరగని 140 కిలోమీటర్లకూ డబ్బు కట్టి వస్తాం.

అందుకే ముందే అడగండి. లెక్క మీ గుమ్మం నుంచా, బండివాళ్ల షెడ్డు నుంచా? డ్రైవరు బత్తా, పార్కింగు కలిశాయా? యానాం పుదుచ్చేరిది, పొలిమేర దాటితే ఆంధ్రప్రదేశ్. పర్మిట్టు ఖర్చు ఎవరిది? దగ్గరి ప్రయాణానికి అంతా కలిపి ఒకే మొత్తం మాట్లాడుకోవడం మేలు. కనీస కిలోమీటర్లు తప్పవంటే సామర్లకోట భీమేశ్వరుణ్ణి, పిఠాపురం కుక్కుటేశ్వరుణ్ణి కూడా దర్శించుకుని రండి. మీరే నడుపుకునే కారైతే ట్యాంకు ఇక్కడే నింపండి. పన్ను తేడా వల్ల యానాంలో పెట్రోలు చవక. కారు తీసుకునేటప్పుడే మీటరు అంకె, పాత గీతలు ఫోటో తీసుకోండి.

తెల్ల నంబరు ప్లేటు సొంత కారు చవగ్గా వస్తుందంటే మాత్రం ఒప్పుకోకండి. అద్దెకు తిప్పారన్న కారణంతో బీమా కంపెనీ పరిహారం నిరాకరించవచ్చు.

ఇంకొక్క మాట. మీ వ్రతం అయ్యేదాకా సీటు వాల్చుకుని కునుకు తీసే డ్రైవరు భోజనం దగ్గర బేరం వద్దు. ఆయన్నీ మీ బంతిలోనే కూర్చోబెట్టండి.