పిత్రార్జిత మతము – స్వార్జిత విశ్వాసము



ఆస్తి రెండు విధములని వ్యవహారజ్ఞు లెల్లరు నెఱుగుదురు. తాతతండ్రులనుండి సంక్రమించినది పిత్రార్జితము. తాను చెమటోడ్చి గడించుకొన్నది స్వార్జితము. మొదటిదానిని పొందుటకు పుట్టుట యొక్కటి చాలును. రెండవదానికి పాటు కావలెను. భూమి, బంగారము మొదలగువాని విషయమున నీ భేదమును మనము చక్కగా గుర్తించి, దస్తావేజులలో వ్రాయించుకొని, న్యాయస్థానములలో వాదించుచున్నాము. జీవితమున కెల్ల నాధారమైన మతవిశ్వాసము విషయమున మాత్ర మీ ప్రశ్న మన నోట వెడలదు. మనము నమ్ముచున్నదానిని మనము గడించుకొంటిమా, లేక యింటి దూలములవలె నది మనకంటె ముందే యుండి మనకు దక్కినదా? ఈ ప్రశ్ననే మేము నేడు మీ ముందుంచ దలచితిమి.

మనుష్యునకు మతవిశ్వాసము సంక్రమించు మార్గములను ముందుగా పరిశీలింతము. మొదటిది జన్మము. ఒకే వీధిలో నొకే దినమున మువ్వురు శిశువులు జన్మించిరనుకొందము. వైష్ణవ గృహమున బుట్టినవానికి మాట వచ్చుటకు ముందే నుదుట నామము వచ్చును. శైవ గృహమున బుట్టినవానికి విభూతి వచ్చును. మహమ్మదీయ గృహమున బుట్టినవాని చెవిలో తొలినాడే నమాజు పిలుపు పడును. ఇరువదియేండ్లు గడచిన పిమ్మట మువ్వురును తమ తమ మతమే సత్యమని యొండొరులతో వాదింతురు. పురిటింట మంత్రసాని పొరపాటున శిశువులను మార్చి యుండినచో వారి వాదములును మారియుండెడివి. వాదించు పట్టుదల మాత్రము మారియుండెడిది కాదు. అట్టి నమ్మకమునకు హేతువు విచారణ కాదు, ఉయ్యాల.

రెండవది భయము. మశూచికము ప్రబలిన దినములలో తల్లులు గ్రామదేవతకు కోళ్లను, మేకలను మ్రొక్కుకొనుచుండిరి. టీకాలచే నా వ్యాధి భూమిమీదనుండి తొలగిపోయినదని 1980వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. వ్యాధి తొలగినను భయము తొలగలేదు; అది మఱియొక వ్యాధిని, మఱియొక దేవతను వెదకికొనినది. పరీక్ష సమీపించిన విద్యార్థి ప్రదక్షిణములును, తీర్పుదినమున కక్షిదారుడు శకునము చూచుకొనుటయు నీ జాతిలోనివే. ఆపద గడచిన వెనుక మ్రొక్కు మఱచుట మన యిండ్ల నందఱు నెఱిగిన సంగతియే.

మూడవది లోకుల మాట. నలుగురితోపాటు నారాయణ యనుట మనవారి జీవితసూత్రము. నాల్గవది గ్రంథప్రామాణ్యము, గురుప్రామాణ్యము. వ్రాయబడియున్నది గావున సత్యము, పెద్దలు చెప్పిరి గావున సత్యము. ఆ పెద్దలకు మాత్ర మెట్లు తెలిసెనో యడుగుట యవినయ మనిపించుకొనును.

ఈ విషయమును మన సమాజస్థాపకులగు రాజా రామమోహన రాయలవారు బ్రాహ్మసమాజ మింకను పుట్టని కాలముననే గుర్తించిరి. 1803–04 ప్రాంతమున వారు ‘తుహ్ఫతుల్ మువహిదీన్’ అను గ్రంథమును పారసీక భాషలో వ్రాసి, దానికి అరబ్బీ భాషలో పీఠిక చేర్చిరి. ఏ దేశమువారైనను జగత్కర్త యొకడు గలడను భావము వైపు సహజముగా మొగ్గుదురనియు, ఆ కర్తకు కట్టిపెట్టిన రూపములలోను, ఆచారములలోను మాత్రము భేదపడుదురనియు, ఈ భేదము సహజమైనది కాక యలవాటుచేతను శిక్షణచేతను గలిగినదనియు వారి తాత్పర్యము. అప్పటికి వారి ప్రాయము ముప్పదియేండ్ల కటునిటు. ఆ తరువాత 1828వ సంవత్సరమున నెలకొన్న సమాజమునకు పునాది యీ యొక్క విచారణయే.

ఇంత మాత్రమున పెద్దలవలన వచ్చినదెల్ల నసత్యమని మేము చెప్పుట లేదు. మాతృభాషను జూడుడు. అదియు మనకు తల్లి యొడిలోనే లభించినది; మన మెంచుకొన్నది కాదు. అయినను తల్లి నేర్పిన మాటలతోనే మనము తల్లి యెన్నడు ననని మాటలను బలుకుచున్నాము. తల్లి పలికినదానినే జీవితమంతయు పలుకువానిని చిలుక యందుము గాని వక్త యనము. మతమును నట్టిదే. దానిని పొందుట దోషము కాదు. పొందినదానిని పొందినట్లే యుంచి మూటగట్టుకొనుట దోషము.

పిత్రార్జితము స్వార్జితమగుట యెట్లో తెలియవలెనన్న మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారి చరిత్రమును మించిన పాఠము మాకు గనబడదు. వారు 1817వ సంవత్సరమున కలకత్తా నగరమున మహాసంపన్నమగు వంశమున జన్మించిరి. వారిని బెంచినది పితామహి. ఆమె ప్రతిదినము గంగాస్నానము చేసి, సాలగ్రామమునకు స్వహస్తములతో పూలమాలలు గట్టెడి పరమభక్తురాలు. ఆమె నీడలో బెరిగిన బాలుడు బడికి బోవుచు, దారిలో ఠంఠనియాయందలి సిద్ధేశ్వరీ దేవికి మ్రొక్కి, పరీక్షలో గెలిపింపుమని వేడుకొనుచుండెను. జన్మము, భయము రెండును నిందు గలవు. మనలో ననేకుల బాల్య మిట్టిదే గదా!

వారికి యౌవన మంకురించిన దినములలో పితామహికి అవసానము సమీపించినది. ఆ కాలపు టాచారము ననుసరించి యామెను గంగాతీరమునకు గొనిపోయిరి. నిమతలా ఘట్టమున, మరణమునకు ముందటి రాత్రి, దేవేంద్రనాథుగారు ముతక చాపపై గూర్చుండిరి. పున్నమి వెన్నెల, చెంతనే శ్మశానము, హరినామ సంకీర్తనము గాలిలో దేలివచ్చుచుండెను. ఆ క్షణమున వారి మనస్సునుండి యైశ్వర్యముపై మమకారము జాఱిపోయినది. ఇంటి తివాసీలకంటె నా చాపయే తమకు తగిన యాసన మనిపించినది. వర్ణింపరాని యానందము గలిగినది.

ఇక్కడ గమనింపవలసిన దొకటి గలదు. ఆ యానందము నిలువలేదు. కొన్ని దినములకే యది తొలగి, గాఢవిషాద మావరించినది. వారు సంస్కృతము చదివిరి; పాశ్చాత్య తత్త్వశాస్త్రములు చదివిరి; శాంతి దొరకలేదు. ఇట్లుండగా నొకనాడు సంస్కృత గ్రంథమునుండి విడివడిన పుట యొకటి గాలికి కొట్టుకొనివచ్చి వారి కంటబడినది. అర్థము తెలియక, రామమోహన రాయలవారి సహచరులగు రామచంద్ర విద్యావాగీశులవారిని బిలిపించి యడిగిరి. అది ఈశోపనిషత్తునందలి పుట. ఈ జగమంతయు నీశ్వరునిచే నావరింపబడియున్నదనియు, ఆయన యిచ్చినదానితో దృప్తినొంది పరధన మాసింపకుండవలెననియు దాని భావము. తాను వెదకుచున్న మాట తనకు జేరినదని వారికి దోచెను. 1839వ సంవత్సరమున తత్త్వబోధినీ సభను స్థాపించిరి. 1843వ సంవత్సరమున నిరువదిమంది మిత్రులతో గూడి బ్రాహ్మధర్మమును స్వీకరించిరి.

ఆ పుటను గాలి యెందఱి ముందు నెగురవేసి యుండునో! వెదకువాని కది యుపనిషత్తు, వెదకనివానికి చిత్తుకాగితము. అనుభవము హఠాత్తుగా రావచ్చును గాని, విశ్వాస మనుభవముతో ముగియదు. అది రెండు పరీక్షలకు నిలువవలెను: ఒకటి బుద్ధి పరీక్ష, రెండవది నడవడి పరీక్ష.

బుద్ధి పరీక్ష యెట్లు జరిగినదో చూడుడు. వేదములు దోషరహితములగు నీశ్వరవాక్యములని మన సమాజమువారు తొలుత నమ్మియుండిరి. తత్త్వబోధినీ పత్రికా సంపాదకులగు అక్షయకుమార దత్తుగారు దీని నంగీకరింపలేదు. మహర్షిగారు వాదముతో దృప్తిపడక, వేదములను నేర్చి వచ్చుటకై నలుగురు విద్యార్థులను కాశికి బంపిరి. తామును స్వయముగ బోయి విచారించిరి. తుదకు 1850 ప్రాంతమున వేదముల యాద్యంత ప్రామాణ్యమును వదలుకొనిరి. తమకు బ్రాణప్రదమైన యుపనిషత్తులలో సైతము తమ యంతరాత్మ యంగీకరింపని వాక్యములు గలవని చూచి, విశ్వాసమునకు మూలము ఆత్మప్రత్యయమని నిశ్చయించిరి. తమకు వెలుగిచ్చిన గ్రంథమునే తూచి చూచుటకు వారు వెనుదీయలేదు.

నడవడి పరీక్ష యింతకంటె కఠినమైనది. 1846వ సంవత్సరమున తండ్రిగారగు ద్వారకానాథ ఠాకూరుగారు లండనునందు స్వర్గస్థులైరి. జ్యేష్ఠపుత్రులగు దేవేంద్రనాథుగారు సాలగ్రామము నెదుట బెట్టుకొని శ్రాద్ధము జరుపజాలమనిరి. బంధువులు దూరమైరి. మఱి రెండేండ్లలోపలనే కుటుంబపు వర్తకసంఘము దివాలా దీసినది. ఋణదాతల చేతికి జిక్కకుండ తండ్రిగా రేర్పఱచిన ట్రస్టు ఆస్తి కొంత గలదు. న్యాయశాస్త్రము దానికి రక్షణ నిచ్చుచున్నను, దేవేంద్రనాథుగారు దానిని సైతము ఋణదాతల ముందుంచిరి. పరధన మాసింపవలదన్న యుపనిషద్భావము నాడు వారి సొత్తయినది. గాలికి వచ్చిన పుట యట్లు స్వార్జితమైనది.

ఆత్మప్రత్యయమే మూలమైనచో ఎవనికి దోచినది వాడు దైవవాక్యమనునే, దానికి హద్దేది యని మీరడుగవచ్చును. ఇది సరియైన ప్రశ్న. మన సమాజచరిత్రయే దీనికి సమాధాన మిచ్చుచున్నది. కేశవచంద్రసేనుగారి వాక్కునకు భారతదేశ మెల్ల చలించినది. 1864వ సంవత్సరమున మద్రాసునందు వేదసమాజము పుట్టుటకు వారి రాకయే కారణము. బ్రాహ్మవివాహములకు వర్తించు 1872 నాటి చట్టమునకై పాటుపడినవారును వారే. ఆ చట్టమున కన్యకు పదునాలుగేండ్లు, వరునకు పదునెనిమిదేండ్లు కనిష్ఠ వయస్సుగా నిర్ణయింపబడినవి. అట్టివారు 1878వ సంవత్సరమున నా వయస్సు నిండని తమ కుమార్తెను కూచబిహారు మహారాజునకిచ్చి వివాహము చేసి, యది భగవదాదేశ మనిరి. వారి సహచరులలో ననేకులు దీని నంగీకరింపక, ఆ సంవత్సరముననే సాధారణ బ్రాహ్మసమాజమును స్థాపించిరి. కేశవులవారి భక్తిని మేము శంకింపము. కాని యంతర్వాణి సైతము పరీక్షకు లోబడవలెననియు, బలహీనుల హక్కును హరించు నాదేశమును దైవాదేశమని స్వీకరింపరాదనియు నాటి సోదరులు మనకు నేర్పిరి. సమాజముండుట యిందుకే: ఒకని విశ్వాసమును మఱియొకడు మోయుటకు గాదు, ఒకని విశ్వాసమును మఱియొకడు గీటురాతిపై నొరసి చూచుటకు.

మన యాంధ్రదేశమునను నట్టి స్వార్జితపరుడు జన్మించెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించినప్పుడు పట్టణమెల్ల నెదురు తిరిగినది. వంటవారు, నీళ్లు మోయువారు వారి యింట బనిచేయమనిరి. పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగ గోదావరికేగి నీరు మోసి తెచ్చి, వంట చేసిరి. వితంతువునకు వివాహార్హత గలదని శాస్త్రప్రమాణములతో వాదించినవారు మఱికొందఱును గలరు. బిందె మోసినవారు కొందఱే. ఆమె విశ్వాసమునకు దస్తావేజు ఆ బిందెయే.

ఇంతవరకు చెప్పినదెల్ల నితరులకు జెప్పునట్లున్నది. ఇక మన యిండ్లలోనికి దృష్టి మరల్తము. మన సమాజమునకు రెండు శతాబ్దముల వయస్సు సమీపించుచున్నది. మన తాతలు విగ్రహమును వదలుటకు గృహములను, బంధువులను వదలిరి. వారి మనుమల మనుమలమగు మనకు విగ్రహము లేని యిల్లు పుట్టుకతో లభించినది. వైష్ణవుని బిడ్డకు నామము వచ్చినట్లే మన బిడ్డకు నిరాకారోపాసన వచ్చుచున్నది. ఆదివారమున మందిరమునకేగి, స్తోత్రము పాడి, ఉపన్యాసము విని, యింటికి వచ్చి, ఆ సాయంకాలమే కట్నపు బేరమునకు గూర్చున్నవాని విశ్వాసమేది? అతని నోట నేకేశ్వరవాదము గలదు; అది పిత్రార్జితము. దానిలో నతని చెమట బిందువైనను లేదు. దేవేంద్రనాథుగారి పితామహి గట్టిన పూలమాల యంతకంటె నెన్నియో రెట్లు విలువైనది. ఏలయన నది యామె ప్రతిదినము తన చేతితో గట్టినది. ఆమె విగ్రహమును మన మంగీకరింపము. ఆమె శ్రద్ధకు నమస్కరింతము.

కావున సంస్కారాభిమానులగు తలిదండ్రులకు మేము మూడు మాటలు విన్నవించుచున్నాము. బిడ్డలకు మతమును బోధింపుడు. మాతృభాషను నేర్పకున్న శిశువు మూగయగునుగదా. అయితే వారు దేవుడు గలడా యని యడిగిననాడు కోపింపకుడు. ఆ ప్రశ్నయే వారి స్వార్జితమునకు మొదటి కాసు. రెండవది, భయమును గాని బహుమానమును గాని దేవునికి సాక్షిగా నిలుపకుడు. దండనకు నమ్మినవాడు దండన తొలగిననాడు విడుచును. మూడవది, మీరు నమ్మినదానికి మీరు చెల్లించిన మూల్యమును వారు కన్నులార జూచునట్లు జీవింపుడు. కులభేదము లేదని చెప్పు నింట పనిచేయువారి గ్లాసు వేఱుగా నుండినచో, బిడ్డ చెవిని గాక కంటిని నమ్మును. ఇంత చేసియు వారు మీ త్రోవ విడిచి మఱియొక త్రోవను సత్యమును వెదకుదురేని, దుఃఖింపకుడు. మహర్షిగారు తండ్రి త్రోవను, కేశవులవారు 1866వ సంవత్సరమున మహర్షి త్రోవను విడిచిరి. తండ్రి దీపమును కుమారునకు జూపవచ్చును గాని, కుమారుని కాళ్లతో నడువజాలడు.

ఓ పరమపితా! పెద్దలవలన మాకు లభించినదానికై కృతజ్ఞతయు, దానిని పరీక్షించుటకు ధైర్యమును మాకు దయచేయుము. మా నోట నున్నదానిని మా హృదయమునకు దింపుము. హృదయమున నున్నదానిని మా చేతులలోనికి దెమ్ము. మా బిడ్డలు నిన్ను మా మాటవలన గాక, తమ వెదకులాటలో దెలిసికొందురు గాక. వారు ప్రశ్నించునప్పుడు వారిని, వారికి బదులు చెప్పలేక మేము నిలిచినప్పుడు మమ్మును విడువకుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.