అడుగనివారి సేవ

మహాశివరాత్రికి పల్నాటి పల్లెలనుండి కోటప్పకొండకు ప్రభలు తరలివచ్చును. ఆ వైభవము ఒక్కదినమే. ఆలయము నిలుచునది నిత్యార్చనవలన. అచటి త్రికోటేశ్వరుడు దక్షిణామూర్తి, మౌనమూర్తి. అభిషేకము ఆలస్యమైనను అడుగడు. అడుగడనియే అర్చకుడు మరింత శ్రద్ధ వహించును.

మేధోవైకల్యముగల వయోజనులుండు ఆశ్రమములందును ధర్మమిదియే. తమ తదనంతరము బిడ్డ గతియేమని కుములు తల్లిదండ్రులకు ఊరటగా 1999లో జాతీయ ట్రస్టు చట్టము వచ్చినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము నలుగురితోపాటు సంఘమున జీవించు హక్కును చాటినది. అయినను నాలుగు గోడలనడుమ దినచర్యను నడపునది సేవకుని మనసే. దాత పెట్టిన పండుగభోజనముతో సేవ ముగియదు. స్నానజలము గోరువెచ్చగా నున్నదా? ఏ కూర ఇష్టమో అడిగిరా? పేరుపెట్టి పిలిచిరా? ఇవియే ఉపచారములు. మాట రాకున్నను మొగము చెప్పును. దానిని గ్రహించుటయే అర్చన.