ఈ పాట ఎవరు పంపినట్టు?



పోయిన క్రిస్మసుకు మా విచారణ యువకులు నాకొక చిన్న పెన్‌డ్రైవ్ బహూకరించారు. అందులో నాలుగు వందల పాటలున్నాయట. నందిగాం నుండి పల్లెలకు పూజకు వెళ్లేటప్పుడు కారులో పెట్టుకుంటాను. ‘షఫుల్’ అనే మీట నొక్కి మరీ ఇచ్చారు. కనుక ఏ పాట వెనుక ఏ పాట వస్తుందో నాకు తెలియదు.

మొన్న టెక్కలి దారిలో మొదట ఘంటసాల వారు వచ్చారు. చిన్నతనంలో ఆయన మన విజయనగరంలో సంగీతం నేర్చుకుంటూ, జోలె పట్టి ఇంటింటా మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. ఏ ఇంట ఏమి పెడతారో తెలియదు. పెట్టినదంతా ఒకే జోలెలో పడుతుంది. ఆయన పాట విన్నప్పుడెల్లా నాకు ఆ జోలె గుర్తుకు వస్తుంది. తరువాత 1978 నాటి ‘కరుణామయుడు’ చిత్రంలోని సిలువ మోత పాట వచ్చింది. వ్రాసినవారు మోదుకూరి జాన్సన్, పాడినవారు బాలసుబ్రహ్మణ్యం. ఒక హరికథా విద్వాంసుని కుమారుడు పాడిన ఆ పాట లేకుండా మన గుళ్లలో తపఃకాలము గడవదు. దాని వెనుకనే వంగపండు ప్రసాదరావు గారి పాట. 2020 ఆగస్టులో వంగపండు, సెప్టెంబరులో బాలు కన్నుమూశారు. ఒకరి వెంట ఒకరు వెళ్లినవారు నా కారులోనూ ఒకరి వెంట ఒకరు వచ్చారే, దీనిని ఇలా ఎవరు కూర్చారు అనుకున్నాను.

ఎవరూ కూర్చలేదు. ఈ యంత్రాలు వచ్చిన కొత్తలో, ఒకే గాయకుని పాటలు వరుసగా వస్తున్నాయని, లోపల ఏదో మతలబు ఉన్నదని జనం అనుమానించారు. నిజానికి యాదృచ్ఛికమంటేనే అంత. ఒక్కొక్కసారి ఒకే రకం వరుసగా పడుతుంది. చివరకు 2005లో యాపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్, కలగాపులగంగా వినిపించడం కోసమే పాటలను కొంత సర్ది పెడుతున్నామని చెప్పవలసి వచ్చింది. కాకతాళీయమైన దానిలో కూడా మన మనస్సు ఒక ఉద్దేశాన్ని వెదుకుతుంది.

ఇదంతా సరదాగానే ఉండేది, ఒక తల్లి నన్ను ఆ ప్రశ్న అడగకపోతే.

ఉద్దానం వైపు ఒక పల్లెలో ఆమె భర్తను మూత్రపిండాల వ్యాధి తీసుకుపోయింది. ఆ ప్రాంతంలో ఆ జబ్బు తెలియని ఇల్లు అరుదు. డయాలిసిస్‌కు వెళ్లి వచ్చే దారిలో ఆయన ఫోనులో పాటలు వినేవాడట. నలభయ్యవ రోజు ప్రార్థన ముగించి అందరమూ టీ తాగుతున్నాము. మనుమడు తాతగారి ఫోను తీసి ఏదో నొక్కాడు. ఆయన ఎప్పుడూ కూనిరాగం తీసే మరియమాత పాటే వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆమె నా దగ్గరకు వచ్చి, “ఫాదరుగారూ, ఈ పాట దేవుడు పంపినాడంటారా? నేపోతే ఫోను దాని మానాన అది పాడీసినాదా?” అని అడిగింది.

“దేవుడే పంపాడమ్మా” అనే మాట నా నోటి దాకా వచ్చింది. ఆమె కోరుకున్నదీ అదే. కాని ఆమె వెనుక పెరటిలో కొబ్బరి మొదళ్లు కనిపించాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పల్లిసారథి దగ్గర తీరం దాటినప్పుడు కూలిన చెట్లవి. పాటను దేవుడు ఏరి పంపాడని నేనంటే, మరి ఆ గాలిని ఎవరు పంపారు, ఈ జబ్బుకు నా పెనిమిటినే ఎవరు ఏరారు అని ఆమె రేపు అడగదా? సిలోయము బురుజు కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వారు మిగిలిన వారికన్న పాపులని అనుకోవద్దని క్రీస్తునాథుడే చెప్పారు (లూకా 13). ఓదార్పు కోసమైనా, దేవుని పక్షాన తెలియని మాట చెప్పే అధికారం గురువుకు లేదు.

పునీత అక్వినాసు తోమాసు వారు ఒక ఉదాహరణ చెప్పారు. యజమాని ఇద్దరు సేవకులను, ఒకరికి తెలియకుండా ఒకరిని, ఒకే చోటికి పంపుతాడు. అక్కడ కలుసుకోవడం వారికి కాకతాళీయమే గాని యజమాని దృష్టిలో కాదు. సెమినరీలో ఇది చదివినప్పుడు చిక్కు విడిపోయిందని సంతోషించాను. ఆ ఇంటిలో నిలబడినప్పుడు మాత్రం రెండవ సంగతి అర్థమైంది. మనము సేవకులమే. యజమాని మనస్సు ఉన్నదని నమ్ముతాము గాని, దానిని మన ఇష్టం వచ్చినట్లు చదివి వినిపించలేము.

అందుచేత నేను ఆమెతో ఇలా అన్నాను: “అమ్మా, ఆ పాటను ఈ వేళ ఎందుకు తీసిందో ఫోనుకు తెలియదు. దేవుని ఆలోచన నాకు తెలియదు. కాని ఆ పాటను అందులో వేసింది ఎవరు?”

ఆమె కాసేపు ఊరుకుంది. “ఆయనే. పలాస బజారులో దగ్గరుండి ఎక్కించుకున్నాడు” అంది. అప్పుడు ఏడ్చింది. నలభై రోజులలో ఏడవడం అదే మొదలని తరువాత కోడలు చెప్పింది.

పాఠకులారా, ఏ యంత్రమైనా లోపల ఉన్న పాటలలో నుండే తీయగలదు. మన బ్రతుకులూ అంతే. ఏ రోజు ఏది వచ్చి పడుతుందో మన చేతిలో లేదు. వచ్చిన రోజున మనలో నుండి పలికేది మాత్రం అంతకు ముందు లోపల చేరినదే. తుపాను నాటి రాత్రి చీకటిలో పిల్లలను పట్టుకుని జపమాల చెప్పిన తల్లులు ఆ ప్రార్థనను ఆ రాత్రి నేర్చుకోలేదు.

మరి మన పిల్లల జోలెలో మనం ఏమి వేస్తున్నాము? ఫోను కొని ఇస్తున్నాము సరే, వారి చెవిలో అమ్మ పాడిన పాట ఒకటైనా ఉన్నదా? ఈ వారం ఒక సాయంత్రం టీవీ కట్టి, ఇంటిల్లిపాదీ కూర్చుని, మీ నాన్నగారో అమ్మగారో పాడిన పాట ఒకటి పిల్లలకు నేర్పండి. శ్రుతి కుదరకపోయినా ఫరవాలేదు. ఏ నలభయ్యవ రోజున అది వారికి అవసరమవుతుందో మనకు తెలియదు.