తాళపుచెవి యెవరి చేత నుండవలెను?

మన పూర్వులు దానములను అనేక విధములుగా విభజించి, దేనికెంత ఫలమో కూడ లెక్క వ్రాసిపెట్టిరి. వేసవిలో చలివేంద్రము పెట్టిన గృహస్థుడు బాటసారికి నీళ్లు పోయును. బాటసారి దాహము తీర్చుకొని తన దారిని తాను పోవును. పోసినవానికి త్రాగినవాని పేరైనను తెలియదు. వాని మూటలో నేమున్నదో తెలిసికొనవలసిన పనియు లేదు. దానము ముగిసిన క్షణముననే యిరువురి నడుమ సంబంధము తెగిపోవుచున్నది. ఆ తెగిపోవుటలోనే యా దానముయొక్క శుచిత్వమున్నదని మేము తలంచుచున్నాము.

ఇప్పుడొక క్రొత్త దానము వచ్చినది. సెల్‌ఫోను వాడుట రానివారికి దానిని నేర్పుట, కంప్యూటరెఱుగని పేటలో నొక గదిని సంపాదించి నాలుగు పాత యంత్రములనుంచుట, దరఖాస్తు నింపలేనివారికి నింపిపెట్టుట, ఇట్టి పనులకై ధర్మసంఘములు దేశదేశముల నేర్పడినవి. వీనిని నడపువారు గొప్ప ధనవంతులు కారు. పగలు కళాశాలలో చదువుకొని సాయంకాలము వచ్చు విద్యార్థులు, పింఛను పుచ్చుకొన్న ఉపాధ్యాయులు, పొదుపు సంఘములలో లెక్కలు వ్రాసి చేయి తిరిగిన స్త్రీలు, ఆదివారపు విశ్రాంతిని వదలుకొన్న ఇంజనీర్లు. వీరిని గుఱించి పత్రికలు వ్రాయుట యరుదు. వ్రాసినపుడు పొగడ్తయే వ్రాయును. మేమును పొగడదలచినవారమే. కాని అంతకుముందొక ధర్మసందేహమును విచారింపవలసియున్నది. ఈ దానమున దాతకు, పుచ్చుకొనువాని మూటలో నేమున్నదో తెలియక తప్పదు. అంతేకాదు, ఆ మూటముడి విప్పు రహస్యముకూడ పెక్కుమార్లు దాతకే తెలియుచున్నది.

ఈ సహాయ మనవసరమని యెవరును ననజాలరు. 2021 మే 1వ తేదీనుండి పదునెనిమిది మొదలు నలువదినాలుగేండ్ల వయస్సువారికి కరోనా టీకా మొదలిడినపుడు, కోవిన్ అను ఇంటర్నెట్టు పద్దులో ముందుగా పేరు నమోదు చేసికొన్నవారికే టీకా యని నిబంధన చేసిరి. పట్టణముల యువకులు గడియారము చూచుకొని, వ్రేళ్లతో పందెము వేసికొని వంతులు సంపాదించుకొనిరి. ఫోనులేని కూలివాడు తన ఊరి ఆరోగ్యకేంద్రపు గుమ్మమునొద్ద నిలిచియు బయటివాడయ్యెను. చదువును యంత్రమును లేనివారి గతి యేమని ఆ నెల 31వ తేదీన సుప్రీముకోర్టు ప్రభుత్వమును ప్రశ్నించెను. జూన్ నెలలో నేరుగా వచ్చినవారందఱికిని టీకా వేయు నేర్పాటు జరిగెను. 2019–21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము ప్రకారము, పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల స్త్రీలలో ఎన్నడైన ఇంటర్నెట్టు వాడినవారు ఆంధ్రప్రదేశమున నూటికి 21, తెలంగాణమున 26.5. పురుషులలో ఆ లెక్క 48.8, 57.4. అప్పటికంటె నిప్పుడు ఫోనులు పెరిగినమాట నిజమే. కాని యింటిలో ఫోనుండుట వేఱు, ఇల్లాలి చేతిలో నుండుట వేఱు.

ఇక మన సందేహమునకు వత్తము. ఒక సేవాకేంద్రమును మనస్సున నూహించుకొనుడు. పింఛను పడినదో లేదో చూపించుకొనుటకు ఒక వృద్ధురాలు వచ్చును. అచ్చటి కుఱ్ఱవాడు ఫోను ఆమెకే చూపి, "నీ అంకెలు కొట్టవ్వా" యనును. ఆమె, "నువ్వే కొట్టు నాయనా, ఆ నాలుగంకెలూ నీకు తెలుసుగా!" యనును. వాడు కొట్టును. రెండు నిమిషములలో పని ముగియును. ఆమె వాని తల నిమిరి, దీవించి పోవును. ఆ కుఱ్ఱవాడు సత్యసంధుడనియే యనుకొందము. ఇట్టి కేంద్రములలో పనిచేయువారిలో పెక్కుమంది యట్టివారేయని మా విశ్వాసము. ఆమెకు పైసా నష్టము లేదు. మఱి యిందు దోషమేమి?

దోషము లేదని వాదించువారు కలరు. అందఱును అన్ని పనులు నేర్వవలెనా? మన చొక్కా మనము కుట్టుకొనుచున్నామా? దర్జీయొద్దకు పోవుట అవమానము కానిచో కేంద్రమునకు పోవుట మాత్రమేల అవమానము? వాదము వినసొంపుగనే యున్నది. కాని దర్జీ మన యొడలి కొలతలు మాత్రమే యెఱుగును. మన యినుపపెట్టె తాళపుచెవి వాని మొలను వ్రేలాడదు. కుట్టుట యొక నేర్పు. నేర్పును ఇతరులయొద్ద కొనుక్కొనవచ్చును. తన సొమ్ము తాను తీసికొనుట, తన పేరు తాను చెప్పుకొనుట, వలదనుకొన్నదానిని వలదనుట నేర్పులు కావు; అవి స్వామ్యమునకు గుర్తులు. వీనిని పరులచేత చేయించుకొనుట యలవాటైనచో మనుష్యుడు తన గృహములోనే యతిథి యగును.

రంగూనుకు పోయిన మన కూలివాండ్ర భార్యలను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. మగనికి ఉత్తరము వ్రాయింపవలెనన్న వారు ఊరి పంతులుగారి అరుగు నాశ్రయించెడివారు. పంతులుగారు మంచివారే కావచ్చును, కానియైన పుచ్చుకొనకపోవచ్చును. అయినను ఆమె చెప్పదలచుకొన్న మాటలలో పంతులుగారి యెదుట చెప్పదగినవి మాత్రమే కాగితమున కెక్కెడివి. తక్కినవి కడుపులోనే యుండిపోయెడివి. వ్రాసిపెట్టినవాని మంచితనము ఆ మౌనమును తీర్చలేకపోయెను. స్త్రీవిద్యకై పాటుపడిన పెద్దలు రామాయణము చదువుట కొఱకనియు, పిల్లల పెంపకము కొఱకనియు ఎన్నో ప్రయోజనములు చెప్పిరి. తన యుత్తరము తాను వ్రాసికొనుట యన్న యీ యొక్క ప్రయోజనమే చాలునని మాకు తోచును.

వ్రేలిముద్రకు పట్టిన గతి మఱియు విచిత్రమైనది. ఒకనాడది నిరక్షరతకు గుర్తు. దానిని మాన్పించి సంతకము నేర్పుటయే రాత్రిబడుల తొలిప్రతిజ్ఞ. ఇప్పుడు యంత్రము పట్టభద్రునిగూడ వ్రేలు పెట్టుమనుచున్నది. కాని నాట్లువేసి, అంట్లుతోమి అరిగిపోయిన వ్రేలిని మాత్రము అది పెక్కుమార్లు గుర్తింపదు! పైగా వ్రేలిముద్ర దొంగిలబడిన మార్చుకొనుటకు వీలులేని తాళపుచెవి. 2018లో తెలంగాణమున ఒకడు రిజిస్ట్రేషను దస్తావేజులమీది జనుల వ్రేలిముద్రలకు రబ్బరు నకళ్లు చేసి, వానితో సిమ్‌కార్డులు పనిచేయించుచుండగా పట్టుబడెను. ధర్మసంఘములవారిని ఇట్టివానితో పోల్చుట మా యుద్దేశము కాదు. మంచివాడును చెడ్డవాడును ఒకే కుర్చీలో, ఒకే యంత్రము ముందు కూర్చుందురనియు, ఎదుట నిలిచిన వృద్ధురాలికి వారిరువురిని వేఱుపఱచు గుర్తు ఏదియు లేదనియు మాత్రమే చెప్పుచున్నాము.

ఈ చిక్కును ముందుగనే గ్రహించిన యొక వ్యక్తిని ఇచ్చట పేర్కొనవలెను. అమెరికాలోని న్యూయార్కు నగరమున ఆంటోనియా స్టోను అను నామె చాలకాలము గణితోపాధ్యాయినిగా పనిచేసి, 1980లో "ప్లేయింగ్ టు విన్" అను ధర్మసంస్థను స్థాపించెను. చెరసాలలలోని వారికి కంప్యూటరు విద్య నందించుట ఆమె తొలిపని. 1983లో హార్లెమునందు పేదల యిండ్ల సముదాయమున, ఒక భవనపు నేలమాళిగలో, ఇరుగుపొరుగువారందఱు వచ్చి కంప్యూటరును వాడుకొనదగిన కేంద్రమును తెఱచెను. అప్పటికి కంప్యూటరన్నది ధనికుల పాఠశాలలలోని వింతవస్తువు. పేదపిల్లలకు దొరకినచోట్లగూడ అది గుణకారములు వల్లెవేయించు బెత్తముగా నుండెడిది. మనుష్యుని నడిపించుటకు కాదు, మనుష్యునిచే నడపబడుటకే యంత్రమున్నదని యామె పట్టుబట్టెను. ఆ పట్టుదలలో ఒక ఉపాధ్యాయిని యొక్క పాఠము కలదు: మంచి గురువు శిష్యుని లెక్క తాను చేసిపెట్టదు.

మన దేశమున, కేరళములో తిరువనంతపురము జిల్లాకు చెందిన పుల్లంపార యను గ్రామపంచాయతిని చూడుడు. అచ్చటివారు ఇల్లిల్లు తిరిగి యంత్రజ్ఞానము లేనివారి పట్టీ వ్రాసికొనిరి. స్వచ్ఛందసేవకులు జనులను తమ బడికి రప్పింపక, ఉపాధిహామీ పనులు జరుగు చోట్లకును, కుటుంబశ్రీ స్త్రీల సమావేశములకును, మంచము విడువలేని వృద్ధుల యిండ్లకును తామే పోయి నేర్పిరి. 2022 సెప్టెంబరు 21వ తేదీన అది సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యతగల పంచాయతిగా ప్రకటింపబడెను. ఆ పద్ధతినే రాష్ట్రమంతటను వ్యాపింపజేసి, సుమారు 21.87 లక్షలమందికి నేర్పి, 2025 ఆగస్టు 21వ తేదీన కేరళ రాష్ట్రమంతయు నట్టిదని ప్రకటించిరి. నేర్చుకొన్నవారిలో నూటయైదేండ్ల వృద్ధుడొకరు కలడు. ప్రకటనలకును నిజస్థితికిని ఎప్పుడును కొంత యెడముండును. ఒకసారి నేర్చినది వాడుకలేక మఱచిపోవువా రుండక మానరు. అయినను ఆ సేవకులు చేసిపెట్టుటకు గాక, నేర్పి లేచిపోవుటకే పోయిరి. ఇది మెచ్చవలసిన విషయము.

మన సంఘములు ఏల యట్లు చేయవు? సోమరితనమువలన కాదు. మా యెఱిగినంతలో కారణము లెక్కలపుస్తకమునందున్నది. చందా లిచ్చువారు సంవత్సరాంతమున, "ఎందఱికి సేవచేసితిరి?" అని యడుగుదురు. అంకెలు కొట్టిపెట్టుటకు రెండు నిమిషములు చాలును. కొట్టుట నేర్పుటకు రెండు వారములు పట్టును, అందును మూడవదినమున ఆమె మఱచిపోవును. చేసిపెట్టువాని పద్దులో వేయి పేర్లుండగా నేర్పువాని పద్దులో నలువది. అదియుగాక నేర్చినవారు మరల రారు; రానివారు పుస్తకమున కనబడరు. తాను సాధించిన ఫలమువలననే పద్దు తరిగిపోవు నుద్యోగము లోకమున నింకెన్ని కలవు? దాతలు తమ ప్రశ్నను మార్చుకొని, "పోయిన సంవత్సరము వచ్చినవారిలో ఈ సంవత్సరము మీయవసరము లేకపోయినవా రెందఱు?" అని యడిగిన దినమున సగము కేంద్రముల నడవడి దానంతట మారును.

భాషమాట ఒకటి మిగిలినది. తెరమీద నున్నది ఆంగ్లమైనచో తెలుగు మాత్రమే చదువ నేర్చినవాడును మరల నిరక్షరుడే. ఎఱ్ఱబొమ్మ నొక్కుము, పచ్చబొమ్మ నొక్కుము అని నేర్పినచో, బొమ్మ రంగు మారిననాడు నేర్చినదంతయు మాయమగును. హైదరాబాదునందలి స్వేచ్ఛ యను సంఘమువారు కంప్యూటరును నడపు వ్యవస్థనే తెలుగులోనికి తెచ్చిరి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు జీతము బత్తెము లేక వ్రాసినవారును ఈ పంక్తిలోనివారే. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నేర్పఱచినవారికిని, 1935లో గుంటూరు జిల్లా కాలువపై పడవలో పుస్తకములు త్రిప్పిన పాతూరి నాగభూషణముగారికిని వీరు దాయాదులు. పడవ పోయిన పిమ్మట పుస్తకము చదువరి చేతిలో నుండెడిది.

మఱి యెంత నేర్పినను నేర్వలేనివారి మాటయేమి? ఆసిడ్ దాడికి గురియై కన్నులు దెబ్బతిన్న స్త్రీ బ్యాంకుఖాతా తెఱవబోగా, తాను సజీవురాలనని ఋజువు చేయుటకు కెమెరా యెదుట రెప్పపాటు చూపుమనిరి. రెప్ప వాల్చలేనిదాని కేది దారి? అట్టివారును, చూపులేని వారొకరును తెచ్చిన వ్యాజ్యములపై 2025 ఏప్రిల్ 30వ తేదీన సుప్రీముకోర్టు, డిజిటల్ సౌకర్యములను పొందుట రాజ్యాంగము 21వ అధికరణమునందలి జీవించు హక్కులో భాగమని తీర్పుచెప్పి, వారికనుకూలమైన వేఱు మార్గముల నేర్పఱుపవలెనని యాజ్ఞాపించెను. అది హక్కైనపుడు సేవకుల దయతో పనియేమి, వీరి దయ యధికారుల బాధ్యతను కప్పిపుచ్చుటకే యుపకరించుచున్నదని కొందఱు తీవ్రముగ విమర్శింతురు. విమర్శలో సగము సత్యమున్నది. కాని తీర్పు బియ్యమై గిన్నెలోనికి వచ్చునంతవఱకు ఆకలి యాగదు; కావున సేవకుడు కూర్చుండవలసినదే. అయితే యతని యొద్ద రెండవ పుస్తక మొకటి యుండవలెనని మేము కోరుచున్నాము. అందు యంత్రము త్రోసివేసినవారి పేర్లు, వారి యనుమతితో, తేదీలతో వ్రాసి నెలనెల జిల్లా అధికారికి పంపవలెను. మూసిన తలుపెక్కడెక్కడ నున్నదో ప్రతిదినము కన్నులార చూచువా రీ సేవకులే. వారు చూచి యూరకుండినచో వారి సేవ ఆ తలుపునకే గడియ యగును.

ఇంతవఱకు చదివి, ఇది పేటలలోని పేదల సంగతి గదా యని మన చదువరులు నిశ్చింతగ నుండవలదు. విద్యావంతుల గృహములలో ఎందఱు ఇల్లాండ్రు తమ ఖాతా అంకెలను తాము కొట్టుచున్నారు? జీతము తెచ్చు భార్య కార్డు భర్త సంచిలో నుండు నిండ్లను మేమెఱుగుదుము. కొడుకు అమెరికానుండి తల్లి ఖాతాను నడపును. ఆమె ఫోనునకు వచ్చిన ఓటీపీని చదివి వినిపించుటయే యామె వంతు. "నీ కెందుకమ్మా యీ శ్రమ?" అని యతడు ప్రేమతోనే యనును. ఆమెయు సంతోషించును. తన డబ్బు ఎంతయున్నదో, ఎచ్చట నున్నదో ఆమె నడుగుడు. "మా అబ్బాయి చూసుకుంటాడు" అని చెప్పును.

మా పరిచయస్థురాలగు నొక సేవకురాలు అనుసరించు పద్ధతిని చెప్పి విరమింతుము. ఆమె యొద్దకు వచ్చిన యవ్వలు అంకెలు కొట్టునపుడు ఆమె కుర్చీ త్రిప్పుకొని గోడవైపు చూచుచు కూర్చుండును. అవ్వ తప్పు కొట్టినచో యంత్రము కూయును, ఆమె తిరుగదు. "మళ్లీ కొట్టవ్వా, నేను చూడటం లేదు" అనును. ఒకనాడొక యవ్వకు ఈ తంతు నలుబది నిమిషములు పట్టినదట. వెనుక వరుసలోనివారు విసుగుకొనిరట. ఆ దినమున ఆమె పద్దులో ఆఱు పేర్లే యున్నవి.