తాత వేలు ఆగిన చోటు

గద్వాలలో ఒక ముసలి నేతగాడు ఉండేవాడు. ఆయనకు ఒక మనవరాలు. ఆ పిల్ల కోటలో నడిచే మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ కళాశాలలో డిగ్రీ పూర్తిచేసి, పీజీ సీటు కోసం సీపీగెట్ రాసింది. మంచి ర్యాంకే వచ్చింది. చిక్కు అక్కడే మొదలైంది. పరీక్ష ఒక్కటే అయినా సీట్లు చాలాచోట్ల ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా ఉంది. 2008లో పెట్టిన పాలమూరు విశ్వవిద్యాలయమూ ఉంది, దాని పీజీ సెంటర్ గద్వాలలోనే ఉంది. వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలో ఆమెకు తేలలేదు.

పాఠాలు ఎట్లా చెప్తారన్నది ఆమె బెంగ కాదు. అక్కడి మనుషులు తనతో ఎట్లా ఉంటారన్నదే బెంగ. రెండేళ్లు ఎవరి పక్కన కూర్చోవాలి, ఎవరితో కలిసి తినాలి, జ్వరమొస్తే అర్ధరాత్రి ఎవరి తలుపు తట్టాలి? ఇల్లు దాటి ఎరగని పిల్లకు ఇవి చిన్న ప్రశ్నలు కావు. చాలా ఇళ్లలో పెద్దలు ఫీజులూ ర్యాంకులూ గంటలకొద్దీ మాట్లాడతారు గాని ఈ ప్రశ్నల జోలికే పోరు.

మనవరాలి బెంగ విని తాత ఏమీ అనలేదు. ఆ వేళ ఆయన చేతిలో ఒక చీర ఉంది. కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రవాడు నేసిన చీర అది. గద్వాల చీరకు నడిమి భాగమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కొనడానికి వచ్చినవాళ్లు ముందు కొంగు పరిపించుకుని, జరీ చూసి ధర అడుగుతారు. తాత కొంగు వైపు చూడలేదు. చీరను తిరగేసి, నూలు ఆగి పట్టు మొదలయ్యే గీత వెంట బొటనవేలు నడిపించాడు. మధ్యమధ్య ఆగి, అటో చెయ్యి ఇటో చెయ్యి వేసి లాగి చూశాడు. ఒకచోట వేలు చాలాసేపు ఆగింది. కుర్రవాణ్ని పిలిచి ఆ చోటు చూపించి, మళ్లీ తన పనిలో పడ్డాడు. మనవరాలు పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి దాన్ని పట్టించుకోలేదు. తెలిసినవాళ్లను అడగడానికి బయల్దేరింది.

మొదట ఊళ్లోనే ఉన్న ఒక చీరల వ్యాపారిని అడిగింది. ఆయన తెలంగాణ ఉద్యమం నడుస్తున్న 2009 డిసెంబరులో సరుకు తీసుకుని హైదరాబాద్ వెళ్లి, ఉస్మానియా పక్కనే ఉన్న తార్నాక దగ్గర ఇరుక్కుపోయాడు. ఒకవైపు విద్యార్థులు, ఇంకోవైపు పోలీసులు, మధ్యలో కళ్లు మండించే పొగ. ఆ పూట తర్వాత ఆయన ఆ దారిన మళ్లీ పోలేదు. ఉస్మానియా అంటే ధర్నాలూ లాఠీలే తప్ప చదువుకునే చోటు కాదని, ఆడపిల్లను పంపే మాటే వద్దని ఖరాఖండిగా చెప్పాడు.

తర్వాత వనపర్తి వెళ్లింది. అక్కడ చిన్నతాత వరసయ్యే పెద్దమనిషి ఉన్నాడు. రాజమహల్లో నడిచే పాలిటెక్నిక్‌లో చదివి, ఆ ఊళ్లోనే ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఆయన ఉస్మానియాలో చదవలేదు గాని ఆయన ప్రాణస్నేహితుడు 1969లో అక్కడి హాస్టల్లో ఉన్నాడు. తెలంగాణ ఉద్యమం మొదటిసారి ఊరూరా పాకిన ఏడాది అది. ఒకే కంచంలో నలుగురు తిన్న సంగతి, ఒకే చాప మీద ఆరుగురు పడుకున్న సంగతి ఆ స్నేహితుడు చెప్తుంటే విని విని, ఈయనకు అవి తాను చూసినట్టే అయిపోయాయి. పేదపిల్లలకు అది తల్లి ఒడి అని, అక్కడ పరాయివాళ్లంటూ ఉండరని, ఆలోచించకుండా చేరమని దీవించి పంపాడు.

నాగర్‌కర్నూల్‌లో మూడో మనిషి దొరికాడు. గ్రూప్స్ ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఉస్మానియా హాస్టల్లో నాన్ బోర్డర్‌గా ఒకరి గదిలో సర్దుకుని ఉండి, ఉద్యోగం రాక తిరిగొచ్చి సేద్యం చూసుకుంటున్నాడు. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరని, అందరి తలలూ పుస్తకాల్లోనే ఉంటాయని, పక్క మంచం మీద పడుకున్నవాడి ఊరి పేరు తనకు ఏడాదికి గాని తెలియలేదని చెప్పాడు. చెప్తున్నప్పుడు అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

ఆ పిల్ల అయోమయంలో పడింది. ఒకరు కొట్లాటల చోటన్నారు, ఒకరు తల్లి ఒడి అన్నారు, ఒకరు మాటలే లేని చోటన్నారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఉస్మానియాకు వచ్చిన పేరు ఊరికే వచ్చింది కాదు. 1918లో ఏడో నిజాం ఉర్దూలో చదువు చెప్పడానికి పెట్టిన విశ్వవిద్యాలయం అది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1938లో, హాస్టల్లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బయటికి పంపేశారు. వాళ్లలో చాలామంది నాగపూర్ వెళ్లి చదువు సాగించారు. ఆ తర్వాత 1969, ఆ తర్వాత 2009. ఎన్ని తరాలు మారినా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీదికి జనం రావడం మానలేదు. అంత చరిత్ర ఉన్నచోట ఎవరికి దొరికిన ముక్క వాళ్లకు మొత్తంలా కనపడుతుంది.

పిల్ల ఇక ఎవరినీ అడగలేదు. రాత్రి రైలెక్కి తెల్లారేసరికి కాచిగూడలో దిగి, సిటీ బస్సులో ఆర్ట్స్ కాలేజీ చేరింది. పండుగా కాదు, ఉత్సవమూ కాదు, మామూలు పనిదినం. ఆ రాతి కట్టడాన్ని తలెత్తి చూస్తుండగానే మెట్ల ముందు మైకు మోగింది. ఫెలోషిప్పుల కోసం ధర్నా. దూరంగా పోలీసు వ్యాను కూడా ఉంది. వ్యాపారి మాట నిజమైంది.

అక్కణ్నుంచి గ్రంథాలయం వైపు నడిచింది. లోపలా, బయట చెట్ల కిందా వందల మంది కూర్చుని చదువుతున్నారు. ఆమె వాళ్ల మధ్య నుంచి అటు చివరికి వెళ్లి తిరిగొచ్చినా ఒక్క తల లేవలేదు. నాగర్‌కర్నూల్ మనిషి మాట కూడా నిజమైంది. టీ కొట్టు దగ్గర నలుగురు కుర్రవాళ్లు ఒక్క ప్లేటు బజ్జీలు ముందు పెట్టుకుని, చివరిది నువ్వు తినంటే నువ్వు తినని ఒకరి వైపు ఒకరు జరుపుకుంటున్నారు. చిన్నతాత మాట కూడా నిజమే.

మధ్యాహ్నానికల్లా ముగ్గురి మాటలూ నిజమయ్యాయి. ఆమె ప్రశ్న మాత్రం బయల్దేరినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంది. ఒక చెట్టు కింద కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె తిన్నది. తింటూ ఉండగా ఎందుకో తాత బొటనవేలు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఆమె చూసే చోట్లు మారిపోయాయి.

ఆ రాత్రి తమ ఊరి సీనియర్ దగ్గర అమ్మాయిల హాస్టల్లో ఆగింది. మెస్‌లో ఒక మూల కూర్చుని వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ చూసింది. బల్లలు జిల్లాలవారీగా పంచుకున్నట్టే ఉన్నాయి. పాలమూరు వాళ్లు ఒకచోట, ఆదిలాబాద్ వాళ్లు ఒకచోట, నల్లగొండ వాళ్లు ఇంకోచోట. వంటపాత్రలు అడుగంటే వేళకు ఒక అమ్మాయి పరుగున వచ్చింది. పొద్దున మైకు పట్టుకున్నది ఆ అమ్మాయే. గొంతు పోయింది. ఇంకో బల్ల మీద నుంచి ఒక అమ్మాయి లేచి, మూతపెట్టిన కంచం తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఈ రెండో అమ్మాయి పొద్దంతా గ్రంథాలయంలో ఉన్నది. మైకు మోతకు చదువు సాగలేదని సాయంత్రం నుంచి చిరాకు పడుతున్నది కూడా. కంచం పెట్టి ఎదురుగా కూర్చుని పోట్లాట మొదలుపెట్టింది. ధర్నా ఎందుకని ఒకరు, చదువొక్కటే చాలా అని ఒకరు, అన్నం అయిపోయేదాకా వాదించుకున్నారు. ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరూ కలిసే చేతులు కడుక్కోవడానికి లేచారు.

మరునాడు సీనియర్ వెంట తరగతికి వెళ్లి చివరి వరసలో కూర్చుంది. అక్కడ ఇంకో రకంగా ఉంది. ఇంటినుంచి వచ్చిపోయే నగరం పిల్లలంతా ఒకవైపు, హాస్టల్ పిల్లలంతా ఇంకోవైపు. మధ్యలో ఖాళీ వరస. ప్రాజెక్టు కోసం నలుగురేసి జట్టు కట్టమంటే ఎవరి వైపు వాళ్లే కట్టుకున్నారు. ఆదిలాబాద్ వైపు నుంచి కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఏ జట్టులోనూ పడలేదు. పుస్తకం తిరగేస్తున్నట్టు తల వంచుకుని కూర్చుంది. గంట కొట్టడానికి కొంచెం ముందు, నగరం పిల్లల వైపు నుంచి ఒకామె తన సంచీ తీసుకుని వచ్చి, ఆ అమ్మాయి పక్కన కూర్చుని తన జట్టు కాగితం మీద ఆమె పేరు రాసుకుంది. ఈ సంగతి ముగ్గురు సలహాదారుల్లో ఎవరూ చెప్పలేదు. తరగతిలో గీత ఉందనీ చెప్పలేదు, దాన్ని దాటేవాళ్లున్నారనీ చెప్పలేదు.

గద్వాలకు తిరిగొచ్చాక ఆమె ఇంకో పని చేసింది. తన ఊళ్లోనే ఉన్నా ఎన్నడూ లోపలికి తొంగిచూడని పీజీ సెంటర్‌కు వెళ్లింది. అది బస్సు కోసం కూర్చునే చోటే తప్ప కాలేజీ వాతావరణం ఉండదని ఊళ్లో అనుకుంటారు. నిజంగానే సాయంత్రం బస్సుల వేళకు ఆవరణ ఖాళీ అయింది. అయితే అప్పుడు పత్తి విత్తనం చేలల్లో క్రాసింగ్ పనులు జరుగుతున్నాయి. గద్వాల పల్లెల్లో ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ చేలోనే ఉంటారు. కూలికి పోయి వారం పాఠాలు పోగొట్టుకున్న పెళ్లయిన అమ్మాయి కోసం, సొంత చేను ఉన్న రైతు కూతురు నోట్సు రెండో ప్రతి రాసి పెట్టింది. కూలీకీ రైతుకీ మధ్య ఊళ్లో ఎంత దూరం ఉంటుందో తెలిసినవాళ్లకు అది చిన్న విషయం కాదు. కాకపోతే ఆ నోట్సు చేతులు మారగానే ఎవరి బస్సు వాళ్లు ఎక్కారు. వాళ్లకు కలిసి కూర్చుని పోట్లాడుకునే రాత్రులు లేవు.

పిల్ల ఇదంతా తాతకు పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన మగ్గం ఆపి విన్నాడు. ధర్నా గురించి అడగలేదు, చెట్ల కింద చదువు గురించి అడగలేదు. ఆ నగరం అమ్మాయి సారు చెప్తే లేచి వచ్చిందా, తనంతట తాను వచ్చిందా అని మాత్రం అడిగాడు. తనంతట తానే వచ్చిందని చెప్పింది. తాత తలూపి మళ్లీ నాడె అందుకున్నాడు. ఆ రాత్రి ఆమె ఉస్మానియాను మొదటి ఆప్షన్‌గా, పాలమూరును రెండో ఆప్షన్‌గా పెట్టింది.

ఒక విశ్వవిద్యాలయానికి పేరు పడేది ఒకే రకం మనుషులు గుంపుగా చేరినచోట. ధర్నాలో అందరూ ధర్నావాళ్లే, చెట్టు కింద అందరూ చదువువాళ్లే కాబట్టి ఆ గుంపును చూసినవాళ్లు చెప్పేది నిజమే అయినా చాలదు. అక్కడి వాతావరణం తెలిసేది నూలూ పట్టూ కలిసేచోట, అంటే ఒకరితో ఒకరికి పొత్తు లేని మనుషులు తగిలేచోట. ఆ అతుకు లాగితే నిలుస్తుందా ఊడుతుందా అన్నదే చూడాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ ఏడు ఆప్షన్లు పెట్టబోయే మీ పిల్లల్ని ఆ పిల్లలాగే ఒక్కసారి పంపండి. స్వాగత సభలూ సాంస్కృతిక ఉత్సవాలూ జరిగే రోజున వద్దు, పరీక్షలో ఫీజులో నడుస్తున్న మామూలు రోజున పంపండి. తెలిసిన సీనియర్ ఉంటే ఒక పూట మెస్‌లో తిననివ్వండి, ఒక తరగతిలో చివరి వరసలో కూర్చోనివ్వండి. ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి మనసొప్పకపోతే మీరూ వెంట వెళ్లండి, కాకపోతే గేటు దగ్గర ఆగి ఆమెను లోపలికి ఒక్కదాన్నే వెళ్లనివ్వండి. రాత్రి రైలుకో బస్సుకో పోతే మరునాడు రాత్రికి ఇంట్లో ఉండొచ్చు.