కోడ్ దానం దానమేనా?

ధర్మశాస్త్రాల ప్రకారం దానానికి రెండు లక్షణాలుండాలి. వస్తువు మీద ఇచ్చినవాడి హక్కు పోవాలి, పుచ్చుకున్నవాడికి ఆ హక్కు రావాలి. ఆవునిచ్చినా అరెకరం పొలమిచ్చినా ఈ రెండూ ఒకేసారి జరిగిపోతాయి. ప్రోగ్రామింగ్ పుస్తకాన్నో, కోడ్ రాసుకునే సాధనాన్నో పదిమందికి ఉచితంగా పంచినప్పుడు మాత్రం మొదటిది జరగదు. ఇచ్చినవాడి దగ్గర అసలు ప్రతి అలాగే ఉంటుంది, రేపు మరో పదివేల మందికి ఇచ్చినా తరగదు. ఏమీ పోగొట్టుకోని వాణ్ని దాత అనవచ్చా?

ఈ చిక్కు కంప్యూటర్లతో పుట్టింది కాదు. విద్యాదానం గురించి రాసినవాళ్లందరికీ ఇది ఎదురైంది. నీరు, అన్నం, ఆవు, భూమి, బట్ట, నువ్వులు, బంగారం, నెయ్యి, ఈ దానాలన్నిటికన్నా వేదదానం గొప్పదని మనుస్మృతి నాలుగో అధ్యాయం అంటుంది. 12వ శతాబ్దిలో లక్ష్మీధరుడూ, 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రీ తమ గ్రంథాల్లో విద్యాదానానికి ప్రత్యేకంగా చోటిచ్చారు. వాళ్ల లెక్కలో విద్యాదానమంటే పాఠం చెప్పడం ఒక్కటే కాదు, పుస్తకం రాయించి ఇవ్వడం కూడా. మంచి ఆకులు సంపాదించాలి, లేఖకుణ్ని కుదుర్చుకోవాలి, పూర్తయిన ప్రతికి పూజ చేసి ఊరేగించి గుడికో మఠానికో అప్పగించాలి. చదువు తరగకపోయినా ఆకులకూ లేఖకుడి కూలికీ డబ్బు ఖర్చయ్యేది. నిర్వచనంలోని మొదటి భాగం ఆ ఖర్చుతో తీరేది.

జైనులు ఈ విషయంలో ఇంకా స్పష్టంగా ఉన్నారు. అన్నం, ఔషధం, అభయంతో పాటు శాస్త్రాన్ని నాలుగో దానంగా లెక్కించారు. నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వేములవాడ ఒకప్పుడు ఆ సంప్రదాయానికి పెద్ద కేంద్రం. రెండో అరికేసరి ఆస్థానంలో ఉండి 941లో కన్నడ భారతం రాసిన పంపడు జైనుడే. అదే శతాబ్ది చివర అత్తిమబ్బె అనే జైన స్త్రీ పొన్నకవి శాంతిపురాణానికి వెయ్యి ప్రతులు రాయించి పంచిపెట్టిందని ప్రసిద్ధి. ఆమె తండ్రి మల్లపయ్య వంశం వేంగినాటిది. అచ్చుయంత్రం లేని రోజుల్లో వెయ్యి ప్రతులంటే ఒక చిన్న రాజ్యం కూడా జంకే పని. ఆమెకు దానచింతామణి అన్న బిరుదు ఊరికే రాలేదు.

కంప్యూటర్ ఫైలు ఆ ఖర్చును కూడా తుడిచేసింది. వెయ్యో ప్రతికి ఆకూ అక్కర్లేదు, లేఖకుడూ అక్కర్లేదు. కాబట్టి కోడ్ పంచడాన్ని దానం కింద ఇరికించాలని చూస్తే సగమే ఇముడుతుంది. శాస్త్రాల్లో దీనికి ఇంతకన్నా సరిపోయే గది వేరే ఉంది. అది ఉత్సర్గం. చెరువు తవ్వించినవాడు దాన్ని ఫలానా మనిషికి ఇవ్వడు, సమస్త ప్రాణులకూ వదిలేస్తాడు. మత్స్యపురాణంలో ఈ చెరువు ప్రతిష్ఠ విధి వివరంగా ఉంది. వదిలేశాక తవ్వించినవాడు కూడా అందరిలో ఒకడిగా ఆ నీళ్లు తాగవచ్చు, అందులో తప్పు లేదు. తెలుగువాళ్ల సప్తసంతానాల జాబితాలో చెరువూ, తోటా, గుడీ ఉన్న వరసలోనే కావ్యం కూడా ఉండటం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగ్గది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం చేసింది దాదాపు ఇదే. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ప్రోగ్రామును దేనికైనా వాడుకోవడం, లోపల ఎలా పనిచేస్తుందో చదవడం, మార్చుకోవడం, ఇతరులకు పంచడం అన్న నాలుగు స్వేచ్ఛలు దానికి పునాది. 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు ఒక షరతు పెట్టింది: మార్చిన ప్రోగ్రామును పంచితే, ఆ మార్పుల్ని కూడా అవే హక్కులతో పంచాలి. ప్రతిఫలం కోరి ఇచ్చేది రాజసదానమని గీత పదిహేడో అధ్యాయం చెబుతుంది కనుక ఈ షరతు దాన స్ఫూర్తికి విరుద్ధమని వాదించవచ్చు. ఆ వాదం నిలవదు. ఇక్కడ తిరిగి ఇవ్వాల్సింది దాతకు కాదు, తర్వాత వచ్చేవాళ్లకు. ఋషిఋణం తీర్చే పద్ధతీ అదే. నేర్చుకున్నవాడు ఆ అప్పును ఋషులకు కట్టడు, చదివీ చదువు చెప్పీ ముందుతరానికి కడతాడు. కాపీరైటు ప్రకటనను అలాగే ఉంచమనడం తప్ప దాదాపు ఏ షరతూ లేని ఎమ్‌ఐటీ లైసెన్సు చూడటానికి మరింత నిష్కామంగా కనిపిస్తుంది. కానీ ఆ కోడ్‌ను ఎవరైనా తీసుకుని, మెరుగుపరిచి, గేటు పెట్టి అమ్ముకోవచ్చు. చెరువు గట్టు మీద కంచె వేయడానికి అనుమతిచ్చే ఔదార్యం అది.

పాత్రత విషయంలో మాత్రం పాత శాస్త్రాలతో ఈ ఉద్యమానికి పొసగదు. వేదదానాన్ని ఆకాశానికెత్తిన మనుస్మృతే రెండో అధ్యాయంలో, తగిన శిష్యుడు దొరక్కపోతే విద్యతోనే చనిపోవడం మేలంటుంది. ఆ 'తగిన' అన్న మాట వెనక తరతరాలుగా శూద్రులూ స్త్రీలూ బడి బయట నిలబడ్డారు. దానంలో పాత్రుణ్ని ఎంచాలి, ఉత్సర్గంలో అక్కర్లేదు. చెరువు దగ్గరా కులం అడిగిన సమాజం ఇది, నిజమే. అయినా శాస్త్రం రాసిన మాట సర్వభూతాలకూ అనే. లైసెన్సు పత్రం కూడా పుచ్చుకునేవాడి పుట్టుపూర్వోత్తరాలు అడగదు.

ఈ కొలతతో చూస్తే ఉచితమని చెప్పుకునేవి చాలా తేలిపోతాయి. ప్రచురణకర్తలు చీటీలు తీసి నలుగురికి పుస్తకాలివ్వడం ప్రచారం ఖర్చు. అది తప్పేమీ కాదు, దానం మాత్రం కాదు. విద్యార్థులకు కంపెనీలిచ్చే ఉచిత లైసెన్సులు ఇంకో రకం. జెట్‌బ్రైన్స్ వంటి సంస్థల సాధనాలు చదువుకునే రోజుల్లో ఏటేటా పొడిగించుకుంటూ వాడుకోవచ్చు, వాటితో వ్యాపారం చేయకూడదు. సిరిసిల్లలో ఆసామి సాంచె (మరమగ్గం) మీద నేసే కార్మికుడికి పనితనం ఎంత వచ్చినా సాంచె తనది కానట్టే, ఇక్కడ నేర్పు విద్యార్థిది, పనిముట్టు మాత్రం కంపెనీది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన గిట్, దాన్ని నేర్పే ప్రో గిట్ పుస్తకం అలా కావు. గిట్ లోపలి కోడ్ అందరిదీ. పుస్తకాన్ని డబ్బు చేసుకోకుండా ఎవరైనా అనువదించి పంచవచ్చు.

హక్కు ఇవ్వడం వేరు, అది చేతికందడం వేరు. 2016లో జిల్లాల పునర్విభజనప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఎల్లారెడ్డిపేట నుంచి విడిపోయి మండలమైన వీర్నపల్లి చుట్టూ అడవి, తండాలు. తండా పిల్లలకు ఇంట్లో లంబాడీ, ఊళ్లో తెలుగు. కోడ్‌లోని ఇఫ్, వైల్ వంటి మాటలు, తప్పు దొర్లితే కంప్యూటర్ ఇచ్చే సందేశాలు, వాటిని వివరించే పుస్తకాలు అన్నీ ఇంగ్లీషు. పదో తరగతి తర్వాత గ్రామీణ విద్యార్థుల్ని చేర్చుకునే బాసర ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చింది. సరస్వతి గుడి ముందు అక్షరాభ్యాసం చేయించుకున్న పిల్లలు పదేళ్ల తర్వాత అదే ఊరికి కంప్యూటర్ చదువుకు వెళ్లవచ్చు. ఆ మధ్యలో చేతికి రావాల్సిన తెలుగు పుస్తకం మాత్రం ఉచితంగానే కాదు, డబ్బిచ్చినా దొరకడం అరుదు.

తెలుగులో ఇంతవరకు ఉచితంగా పంచినవాటిలో ఎక్కువ భాగం అక్షరాలకు సంబంధించినవి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను రూపొందించి వదిలారు. కృతిని రాజులకు అంకితమివ్వనన్న పోతన పేరు ఉచిత ఫాంటుకు పెట్టడం ఔచిత్యమే. సిలికానాంధ్ర మరికొన్ని ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లినక్స్ వ్యవస్థను తెలుగులోకి తెచ్చింది. ఇవన్నీ తెలుగు చదవడానికీ రాయడానికీ దారి వేశాయి. ప్రోగ్రామింగ్ నేర్పే పుస్తకాల దగ్గరికొచ్చేసరికి ఆ దారి సన్నబడుతుంది.

చెరువుతో పోలిక ఇంకొంచెం ముందుకు వెళ్తుంది, అక్కడ అది సుఖంగా ఉండదు. వదిలేసిన చెరువుకు పూడిక పడుతుంది, గండి పడుతుంది. పూర్వం కట్టను చూసుకునేవాళ్లకు దశబంధం పేరుతో ఆయకట్టులో మాన్యమిచ్చేవారు. ఆ ఏర్పాట్లు చెడిపోయిన చోట్ల చెరువులూ చెడ్డాయి, 2015లో మిషన్ కాకతీయ పెట్టి పూడిక తీయాల్సి వచ్చింది. కోడ్‌కు అలాంటి గండి 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ పేరుతో బయటపడింది. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా చేరవేయడానికి లక్షల సర్వర్లు వాడుతున్న ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో ఆ లోపం ఉంది. దాని మీద పూర్తికాలం పనిచేసేది అప్పట్లో ఒక్కరే, ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. లోపం బయటపడ్డాక పెద్ద కంపెనీలు లినక్స్ ఫౌండేషన్ ద్వారా డబ్బు సమకూర్చాయి. ఆయకట్టు రైతుకు దశబంధం ఎంతో ముందే తెలిసేది. కోడ్ వాడుకునేవాళ్లలో ఎవరు ఎంత వాటా పెట్టాలో ఈ స్వేచ్ఛా లైసెన్సులు చెప్పవు.