మందుల అంగడి - కాయక ధర్మము

శరణుల మతమున కాయకము కేవలము పొట్టకూటి పని కాదు. అది శివపూజతో సమానమైనది. బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని భండారమును చూచుచునే శరణుల సేవ నడపెను. నులియ చందయ్య త్రాళ్లు పేని, ఆ వచ్చిన దానితోనే దాసోహము చేసెను. చేతిపనివారి కాయకమును గూర్చి మనకు సందేహము లేదు. కొని అమ్ముటయే వృత్తిగా గలవాని మాట యేమి? లాభము లేనిదే వర్తకము నిలువదు గదా! ఆ లాభము ఎంతవరకు కాయకఫలము? ఎచ్చటినుండి అది పరుల ఆపదను సొమ్ము చేసికొనుట యగును? సుఖకాలమున ఈ ప్రశ్నను ఎవరును అడుగరు. 2020, 2021 సంవత్సరములలో వచ్చిన కోవిడ్ మహమ్మారి దీనిని ఊరూర మందుల అంగడి ముంగిట నిలిపినది.

2020 మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ అమలైనపుడు, తెరచియుంచవలసిన వానిలో మందుల దుకాణములు చేరినవి. అనేకమైన చిన్న వైద్యశాలలు మూతపడుటచే, జ్వరము తగిలినవాడు మొదట వచ్చి నిలిచిన గడప అదే యైనది. అంతకు ముందే మార్చి 13న కేంద్ర ప్రభుత్వము మాస్కులను, శానిటైజరును 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టము క్రిందికి తెచ్చినది. 200 మిల్లీలీటర్ల శానిటైజరు ధర 100 రూపాయలకు మించరాదని ఆ నెల 21న నిర్ణయించినది. ప్రజలకు మేలు చేయు ఆజ్ఞయే అది. కాని టోకు వ్యాపారి వద్ద అంతకు హెచ్చు పెట్టి కొన్న చిన్న దుకాణదారునికి మిగిలినవి రెండే దారులు: నష్టమునకు అమ్ముట, సరకు లేదని చెప్పుట.

హైడ్రాక్సీ క్లోరోక్విన్ విషయము ఇంకను కఠినమైనది. కీళ్లవాతము, లూపస్ వంటి వ్యాధులు గలవారు నిత్యము వాడు మందు అది. అది కోవిడ్‌ను అడ్డునను ఆశతో ఆరోగ్యవంతులు సైతము దానికై ఎగబడిరి. వైద్యుని చీటీ లేనిదే దానిని అమ్మరాదని, అమ్మినదానిని ప్రత్యేక పుస్తకమున వ్రాసియుంచవలెనని మార్చి 26న ఆజ్ఞ వెలువడినది. ఆసుపత్రులలోని కోవిడ్ రోగులకు ఆ మందు వలన ప్రయోజనము లేదని తరువాతి పెద్ద పరీక్షలలో తేలినది. ఏప్రిల్ నెలలో మన తెలుగు రాష్ట్రములు రెండును, జ్వరము, దగ్గు మందులు కొనువారి వివరములు వ్రాసికొనుడని దుకాణములను ఆదేశించినవి. రోగి నమ్మకమును కాపాడవలెనా, ఊరి క్షేమమును చూడవలెనా? మరుసటి ఏడు రెండవ విజృంభణలో రెమ్‌డెసివిర్ కొరత ఏర్పడి, ఆ మందు నల్లబజారు కెక్కినది.

ఇట్టి వేళ ఆయ్దక్కి మారయ్య వృత్తాంతము స్మరింపదగినది. రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడాయన నిత్యము కంటె హెచ్చుగా తేగా, భార్య లక్కమ్మ అది ఆశయే యని మందలించి, అధికమును తిరిగి అచ్చటనే పోసిరమ్మనెను. ఏరితెచ్చిన బియ్యము దొంగసొత్తు కాదు. అయినను నేటి అవసరమును మించినది ఇతరుల భాగమని ఆ తల్లి తీర్పు. అమ్మువాడు మందును దాచి ధర పెంచుట ఎంత దోషమో, కొనువాడు ముందుచూపు పేరిట నాలుగు నెలల మాత్రలు ఇంట పేర్చుకొనుటయు అంత దోషమే. మొదటిదానిని చట్టము శిక్షింపగలదు. రెండవదానిని లక్కమ్మ వంటి మనస్సాక్షి మాత్రమే ఆపగలదు.

కావున ఆపత్కాలమున ఇచ్చుటయే గాక, ఇయ్యకుండుటయు మందులమ్మువాని కాయకములో భాగము. చీటీ లేని చుట్టమునకు, పది రెట్లు ధర పెట్టు ధనవంతునకు 'కాదు' అని చెప్పుట వలన బేరము పోవును, నిందయు వచ్చును. ఆ నిరాకరణచే మిగిలిన మాత్రల అట్ట, దాని నిజమైన అక్కర గల రోగికి అందును. కనబడని ఆ రోగికి చేసిన సేవ దాసోహమే.

ఐనను ఒక్కని భుజముపై ఇంత బరువు మోపుట న్యాయమా? అతనికిని ఆలుబిడ్డలు గలరు. బల్లవెనుక నిలిచిన పనివానికి చాలీచాలని జీతము. పేదవాడు చీటీతో వచ్చి చేయి చాచినపుడు, అప్పులపాలగుటయో, కఠినుడగుటయో అతనికి తప్పదు. అతనిని ఈ సంకటమున విడిచి, పిదప 'దయ లేనివా'డని దూషించుట మనకు తగదు. బసవేశ్వరుని మహామనె ఒక్కని సొత్తుతో నడచినది కాదు. పలువురు శరణుల కాయకఫలము అందు కలిసినది. మన మఠములును, సంఘములును అన్నదాసోహమును తరతరములుగా నడపుచున్నవి. ఔషధ దాసోహమును ఏల నడపరాదు? ప్రతి ఊర సంఘము కొంత ధనమును కూడబెట్టి, నమ్మకమైన మందుల అంగడిలో ముందుగా జమకట్టవలెను. చీటీ తెచ్చిన పేదకు కులమత విచక్షణ లేక మందు ఇయ్యబడవలెను. లెక్క నెలనెల సంఘమున చదువబడవలెను. అపుడు దుకాణదారుడు ధర్మమునకును, కుటుంబమునకును నడుమ నలిగిపోడు. పేదవాడు తల వంపడు.

మహమ్మారి వచ్చిన పిదప నిధిని వెదకుట, ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట వంటిది. ఈ పని ఆరోగ్యముగా నున్న నేడే ఆరంభింపదగినది.